బెంచీ మీది సున్నా

మా కోడలు నూకరత్నం రాష్ట్ర వాటర్ పోలో జట్టులో గోల్‌కీపరు. ఈ మాట నేను ఎవరితోనైనా గర్వంగా అంటే, పక్కనే ఉన్న మా అబ్బాయి ఫణి "రెండో గోల్‌కీపరు" అని సవరిస్తాడు. ముప్పై ఏళ్లు ఇంటర్మీడియట్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరైనదాన్ని. సవరించే జబ్బు వాడికి నా దగ్గర్నుంచే అంటుకుంది కాబట్టి నోరు మూసుకునేదాన్ని.

రెండో గోల్‌కీపరంటే పదమూడో నంబరు ఎర్ర టోపీ పెట్టుకుని, తడి తువ్వాలు కాళ్ల మీద కప్పుకుని, కొలను ఒడ్డున బెంచీ మీద కూర్చునే మనిషి. మొదటి కీపరుకు ఏమైనా అయితే ఆ క్షణంలోనే దూకాలి. ఏమీ కాకపోతే మ్యాచ్ అయ్యాక లేచి ఇంటికి రావాలి. కోచ్ బెహరా గారి జట్టులో ఇంకో కట్టుబాటు కూడా ఉంది. బెంచీ మీది కీపరు కదలకూడదు. లేవకూడదు, అరవకూడదు, చెయ్యి కూడా ఊపకూడదు. ఒడ్డున ఇంకో ఎర్ర టోపీ కదిలితే నీళ్లలో ఉన్న కీపరు చూపు చెదురుతుందని ఆయన నమ్మకం. ఆరేళ్లుగా ప్రతి పెద్ద మ్యాచ్‌కూ రత్నం అలా బిగుసుకుని కూర్చుంది. ఒక్కసారి కూడా దిగలేదు.

ఇంటికొచ్చి కుర్చీలో కూలబడేది. "కాళ్లు లాగేస్తన్నాయత్తా" అనేది.

"కూర్చున్న కాళ్లకు నొప్పులేంటి? బెంచీని నువ్వేమైనా మోశావా?" అని ఫణి ఆటపట్టించేవాడు.

ఆమె వేన్నీళ్ల బకెట్లో పాదాలు పెట్టుకునేది. పెళ్లయిన కొత్తలో ఈ పిల్ల నన్ను "అత్తయ్యగారూ, మీరు" అని పిలవబోతే, మీ జాలరిపేటలో అత్తను ఎలా పిలుస్తారో అలాగే పిలువమని నేనే మాన్పించాను. అప్పట్నుంచీ ఇంట్లో నా పక్షం మనిషి ఆమే.

ఫణి పని చేసేది విశాఖలోనే, క్రీడాకారుల ఒళ్లు ఎంత అలిసిందో కొలిచే ప్రయోగశాలలో. రత్నం సాధన చూడటానికి వెళ్లినప్పుడే వాడికి ఒక సంగతి తట్టింది. మిగతా ఆటగాళ్ల శ్రమను ఎంత దూరం ఈదారన్న లెక్కతో కొలుస్తారు. కీపరు ఎక్కడికీ ఈదదు. నేల అందని నీళ్లలో, రెండు కాళ్లూ కవ్వంలా తిప్పుతూ, చేతులు పైకెత్తి నిలబడుతుంది. బంతి వస్తే నడుం దాకా నీళ్లలోంచి లేస్తుంది. దూరం లెక్కన చూస్తే ఆమె రోజంతా ఖాళీగా ఉన్నట్టే. ఈ అన్యాయం మీద కోపంతో మా వాడు మూడేళ్లు కష్టపడి శ్రమపొరను తయారు చేశాడు.

ఉల్లిపొర అంత పల్చని ముక్కలు. తొడలకు, నడుముకు, భుజాలకు అతికిస్తే ఒంట్లో కలిసిపోయినట్టుంటాయి. కండ కదిలాక ఆ కదలికను కొలిచే పట్టీలు అంతకు ముందూ ఉన్నాయి. ఈ పొర మాత్రం కదలిక కన్నా ముందుకు వెళుతుంది. లెమ్మని కండకు వచ్చే పిలుపును వింటుంది, ఆ పిలుపుకు కండ లోలోపల ఎంత ఖర్చయిందో లెక్కగట్టి 'భారం' అని ఒక అంకె చూపిస్తుంది.

అయితే ఏ కొలతకైనా ముందు సున్నా ఎక్కడుందో తేల్చాలి. ఉక్కపోత, జనం గోల, మ్యాచ్ బెదురు, ఇవన్నీ ఒంట్లో ఏవో పిలుపులు పుట్టిస్తాయి. అది కీపింగ్ శ్రమ కాదు, తీసెయ్యాలి. పాలు తూచేటప్పుడు గిన్నె బరువు తీసేస్తాం కదా, అలాగన్నమాట. ఫణికి ఒక ఖాళీ గిన్నె కావలసి వచ్చింది. అదే శిక్షణ పొంది, అదే తడిలో, అదే గోల మధ్య, ఏ పనీ చెయ్యకుండా కూర్చునే మనిషి కావాలి. అలాంటి మనిషి వాడింట్లోనే ఉంది. రత్నానికీ పొర అతికించి, మొదటి కీపరు అంకెలోంచి రత్నం అంకెను తీసేశాడు. మిగిలింది కీపరు అసలు భారం.

ఆ ముందు ఏడాది ఎక్కడో ఒక జట్టు ఆటగాడు సాధనలో నీళ్లలోనే స్పృహ తప్పాడు. అందుకని క్రీడాసంఘం వాళ్లు పొరను కళ్లకద్దుకున్నారు. భారం అంతా కూడుకుని ఎర్రగీత దాటితే ఎవరైనా సరే నీళ్లలోకి దిగకూడదని నియమం పెట్టారు. పత్రికల్లో ఫణి ఫోటో వచ్చింది. నేను కత్తిరించి దాచాను.

మొదటి కీపరు బ్లెస్సీ. బాపట్ల పిల్ల, ఇరవై ఏళ్లు, తాటిచెట్టంత ఎత్తు, పొడుగు చేతులు. ఆమె అంకెలు చూసి బెహరా గారు మొదట ఆశ్చర్యపోయారు, తర్వాత కోప్పడ్డారు. బలహీనమైన జట్టుతో ఆడిన రోజు బ్లెస్సీ భారం బాగానే ఉండేది. గట్టి జట్టు ఎదురైతే పడిపోయేది. మ్యాచ్ ఎంత బిగువుగా సాగితే అంకె అంత కిందికి జారేది.

"పెద్ద మ్యాచ్‌లో పిల్ల ఒళ్లు దాచుకుంటోందండీ" అన్నారాయన ఫణితో. "బంతులు ఆపుతోంది, సరే. అదృష్టంతో ఆపుతోంది. కాళ్లు పని చెయ్యట్లేదు."

ఇక ఆమె సాధన రెట్టింపు చేశారు. నీళ్లు నింపిన క్యాను నెత్తి మీదికెత్తి పట్టుకుని కాళ్లతో తేలాలి. అందరూ ఒడ్డెక్కాక కూడా ఆ పిల్ల ఒక్కతే నీళ్లలో ఉండేది. తుంటి నొప్పితో కుంటుతూ నడిచేది. అయినా తర్వాతి పెద్ద మ్యాచ్‌లో అంకె ఇంకా పడింది. సెమీఫైనల్లో ఒకే ఒక్క గోలు తేడాతో జట్టు గెలిచింది. ఆ రోజు బ్లెస్సీ భారం దాదాపు సున్నా. సంఘం వాళ్లు సమావేశమై, నిర్లక్ష్యంగా ఆడుతోందని కారణం చెప్పి ఆమెను ఇంటికి పంపేశారు. రుజువుగా చూపించింది మా ఫణి గీసిన గ్రాఫునే.

రైలెక్కించడానికి రత్నం వెళ్లింది. తిరిగొచ్చాక నేను గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది. బ్లెస్సీ పోట్లాడలేదట, ఎవర్నీ తిట్టలేదట. "అక్కా, నేను నిజంగానే కాళ్లు ఆడించట్లేదేమో. నాకే తెలియట్లేదేమో" అందట. ఒళ్లు నొప్పెడుతుంటే ఆ నొప్పి కూడా అబద్ధమేమోనని అనుమానపడిందట.

ఫైనల్‌కు ఇంకా మూడు వారాలుంది. రత్నం మొదటి కీపరయింది. నేను కూరగాయల బండి అతనితో సహా అందరికీ చెప్పాను. ఫణి సవరించలేదు. ముప్పై రెండేళ్ల వయసులో, ఆరేళ్ల బెంచీ తర్వాత, మా పిల్ల ఒక పెద్ద మ్యాచ్‌లో దిగబోతోంది. తెల్లారకుండానే లేచి సాధనకు వెళ్లేది. తిరిగొచ్చినప్పుడు ఆ ముఖం వెలిగిపోతుండేది. అంతలోనే బ్లెస్సీ గుర్తొచ్చి నెమ్మదించేది.

ఫైనల్ ఇంకో నాలుగు రోజులుందనగా ఒక సాయంత్రం ఫణి నా దగ్గరికి వచ్చి నసిగాడు.

"అమ్మా, నువ్వు కాసేపు కూర్చోవాలి."

"రోజంతా కూర్చునే ఉన్నాను కదరా."

"అలా కాదు. పొర అతికించుకుని కూర్చోవాలి. ఇప్పుడు రత్నమే ఆడే కీపరు కదా, రత్నానికి సున్నా ఎవరు? జూనియర్ జట్టు నుంచి ఒక పిల్ల వస్తుందట, రేపు గాని రాదు. ఈలోగా పొర సరిగా అతుక్కుందో లేదో చూసుకోవాలి."

అలా నా అరవై తొమ్మిదేళ్ల తొడల మీదికి విజ్ఞానశాస్త్రం ఎక్కింది. రత్నం నవ్వుతూ తనే అతికించింది. ఇద్దరం సోఫాలో పక్కపక్కన కూర్చున్నాం. నా చేతిలోని చిక్కుడుకాయల పళ్లెం ఫణి లాక్కున్నాడు. ఏదో ఒకటి చూస్తూ కూర్చోవాలి కాబట్టి సెమీఫైనల్ వీడియో పెట్టాడు.

నాకు ఆ నురగలో బంతి ఎక్కడుందో వెతుక్కోవడమే సరిపోయింది. రత్నం కదలకుండా చూస్తోంది. ఫణి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని కాసేపటికి "ఇదేంటి" అన్నాడు. లేచొచ్చి రత్నం పొరలన్నీ ఊడదీసి కొత్తవి అతికించాడు. మళ్లీ చూసి మళ్లీ "ఇదేంటి" అన్నాడు. ఆ తర్వాత నా పొరలు ఆమెకు, ఆమె పొరలు నాకు మార్చాడు.

నేను లేచి వాడి వెనక నిలబడ్డాను. నా గీత కింద పాకుతోంది. రత్నం గీత పైపైకి ఎక్కుతోంది. తెర మీద ఎదుటి జట్టు పిల్ల బంతి ఎత్తింది. అది చెయ్యి దాటకముందే రత్నం గీత నిటారుగా లేచింది. నేను రత్నాన్ని చూశాను. చేతులు ఒళ్లో ఉన్నాయి. మోకాలు కూడా అదరలేదు.

"టీవీ ఆపు" అన్నాను. ఆపాడు. గీత మెల్లగా దిగింది. "పెట్టు" అన్నాను. మళ్లీ ఎక్కింది.

ఫణి ల్యాప్‌టాప్ మీంచి చేతులు తీసేశాడు. నేను చెప్పక ముందే వాడికి అర్థమైంది, అయినా ఎవరో ఒకరు పైకి అనాలి కదా.

"ఖాళీ గిన్నె అనుకున్నావు. అది ఖాళీది కాదురా" అన్నాను.

ఆరేళ్లు ఆ బెంచీ మీద ఈ పిల్ల ఊరికే కూర్చోలేదు. ప్రతి బంతికీ ఆమె కండలకు పిలుపు వెళ్లింది. కదలకూడదన్న కట్టుబాటుంది కాబట్టి, లేవబోయిన కండను ఇంకో కండతో పట్టి ఆపింది. లేచి ఆపడం కన్నా అది తక్కువ పని కాదు. మ్యాచ్ ఎంత బిగువుగా ఉంటే అంత లోపల ఆడింది. అదంతా మ్యాచ్ బెదురే అనుకుని ఫణి ప్రతి మ్యాచ్‌లోనూ బ్లెస్సీ శ్రమలోంచి ఆ శ్రమనంతా తీసేశాడు. ఇంట్లో వేన్నీళ్ల బకెట్ రోజూ కనిపిస్తున్నా, కూర్చున్న భార్యకు అలసట ఉండదని నమ్మినవాడు మాత్రమే చెయ్యగల పొరపాటది.

రత్నం తన తొడ మీది పొరను వేలితో తడిమింది. తర్వాత అడిగింది. "మరి బ్లెస్సీ అంకె?"

నన్ను సున్నాగా పెట్టి ఫణి పాత మ్యాచ్‌లన్నీ తిరగలెక్క వేశాడు. సెమీఫైనల్లో బ్లెస్సీ భారం ఆ ఏడాది మొత్తంలోకే ఎక్కువ.

"ఆ పిల్ల కష్టమంతా నాను మింగీసినాను" అంది రత్నం.

"నువ్వు కాదు, నేను" అన్నాడు ఫణి. ఆ తర్వాత రత్నం లెక్క కూడా వేశాడు. ఏడాదంతా బెంచీ మీది భారం, దాని మీద ఈ మూడు వారాల సాధన. గీత ఎర్రగీతను ఎప్పుడో దాటేసింది.

వాడు ల్యాప్‌టాప్ మూసేశాడు.

"రత్నం, ఒక మాట విను. సంఘం దగ్గరున్న లెక్క ప్రకారం నీ భారం సున్నా. సున్నా అంటేనే నువ్వు కాబట్టి అది ఎప్పటికీ సున్నాయే. ఎవరూ అడగరు. నాలుగు రోజులు ఆగుదాం. నువ్వు ఫైనల్ ఆడెయ్. మర్నాడు నేనే వెళ్లి తప్పు నాదని చెప్పేస్తాను."

సున్నా తప్పు పెట్టిన పిల్లలకు ముప్పై ఏళ్లు మార్కులు కోసినదాన్ని, నేను కూడా వాడి మాటకు అడ్డు చెప్పలేదు. రత్నం నీళ్లలోకి దిగడం చూడాలని నాకు అంత ఆశగా ఉంది.

"అయ్యాక చెప్తే ఏటవుతాది?" అంది రత్నం. "గోలు పడిపోయినాక చెయ్యెత్తినట్టుంటాది."

"నీకు ఇలాంటి రోజు మళ్లీ రాదు."

"రాదు. నాకు తెల్దా?" అని ఏడ్చింది. దాచుకోకుండా, ముక్కు చీదుకుంటూ ఏడ్చింది. ఏడుస్తూనే మాట్లాడింది. "తన కాళ్లు తనవి కావనుకుంటంది ఆ పిల్ల. స్టేషన్లో నాను చూసినాను. ఇంకో నాలుగు రోజులు అలాగ ఉండకూడదు. ఇప్పుడే ఫోన్ చెయ్యి. ముందు దానికి చెయ్యి, తర్వాత సార్‌కి."

ఫణి ఫోన్ తీశాడు.

మర్నాడు ముగ్గురం కొలను దగ్గరికి వెళ్లాం. బెహరా గారు రెండు గ్రాఫులనూ పక్కపక్కన పెట్టి అలా చూస్తూ ఉండిపోయారు. మనిషి కోపిష్ఠే గాని నిజాన్ని గుర్తుపట్టగలరు.

"ఏటమ్మా, కదలకుండా కూర్చునే ఇదంతానా?" అన్నారు.

"కదలొద్దని మీరే కదా సార్ అన్నారు."

"ఆరేళ్లూనా?"

"ఆరేళ్లూ."

ఆయన వెనక్కి జరిగి బెంచీ మీద కూర్చున్నారు. తర్వాత లేచి, ఫోన్ పట్టుకుని దూరంగా వెళ్లి బ్లెస్సీతో మాట్లాడారు. ఏమన్నారో వినపడలేదు గాని, మాట్లాడుతున్నంతసేపూ తల దించుకునే ఉన్నారు. రత్నం విషయంలో నియమం సడలించమని సంఘం డాక్టరును బతిమాలారు కూడా. డాక్టరు వినలేదు. వినకపోగా ఇంకో ఆంక్ష కలిపాడు. చూడటమే ఈమెకు ఆడటమైనప్పుడు, ఫైనల్‌ను చూడటానికి కూడా వీల్లేదన్నాడు.

"ఆడొద్దన్నారు, సరే. చూడొద్దంటే ఎలాగండి డాక్టరు గారూ?" అంది రత్నం. ఆ మాటకు అందరం నవ్వాం.

సంఘం వెనక్కి పిలవడంతో బ్లెస్సీ ఆ మర్నాడే రైలు దిగింది. తిన్నగా మా ఇంటికొచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతూనే, "ఏందక్కా, ఊరికే కూర్చోలేకపోయావా నువ్వు?" అంది. రత్నం ఆమెను పట్టుకుంది. ఇద్దరూ నవ్వుతున్నారో ఏడుస్తున్నారో నాకు తెలియలేదు. మూడు వారాలు ఇంట్లో పడుకోవడంతో ఆ పిల్ల తుంటి నయమైంది, భారం ఎర్రగీతకు చాలా కిందికి దిగింది. అన్నం తింటూ బ్లెస్సీ ఫణిని ఒకటే అడిగింది. "అన్నా, నేను సరిగ్గానే ఆడానన్నమాట?"

"నువ్వే ఎక్కువ ఆడావు తల్లీ" అన్నాడు ఫణి. వాడు కంచం ముందు నుంచి లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు.

ఫైనల్ ఆదివారం మధ్యాహ్నం. ఫణి కొలను దగ్గరున్నాడు. ఇంట్లో నేనూ రత్నమూ. టీవీ తీగ పీకేశాను. భారం ఎలా దిగుతుందో చూడాలని రత్నం ఒంటి మీద పొర అలాగే ఉంచాడు ఫణి, అంకె నా ఫోన్‌లో కనిపించేలా పెట్టాడు. రత్నం చాప మీద పడుకుని కళ్లు మూసుకుంది. అంకె మాత్రం ఎగిరెగిరి పడుతోంది. చూడటానికి ఏమీ లేకపోయినా ఒళ్లు నీళ్లలోనే ఉంది.

"గోల్లో ఎవరున్నారత్తా?" అంది కళ్లు తెరవకుండా. తెలియక అడిగింది కాదది.

నేను వంటింట్లోకి వెళ్లి ఫోన్‌లో మ్యాచ్ పెట్టి, శబ్దం తీసేసి చూసి వచ్చాను. "బ్లెస్సీ దిగింది" అన్నాను. "ఎడమచేతి వైపు గోలు. ఎర్ర టోపీ గట్టిగా కట్టుకుంది. నవ్వుతోంది."

"నవ్వుతోందా?"

"నవ్వుతోంది."

రత్నం గట్టిగా ఊపిరి వదిలి పక్కకు తిరిగింది. నేను చూస్తుండగానే అంకె దిగడం మొదలైంది. మెట్టు మెట్టుగా దిగి, ఆ సాయంత్రం నాకొచ్చిన అంకె పక్కకొచ్చి ఆగింది. అప్పటికి ఆమె నిద్రపోయింది. మ్యాచ్ జరుగుతుండగా రత్నం పడుకోవడం ఆరేళ్లలో అదే మొదటిసారి. బ్లెస్సీ చేతికి గోల్‌పోస్టు అప్పజెప్పేసి నిశ్చింతగా పడుకుంది. అంత గొప్ప పని చేసిన మనిషిని నేను అంత దగ్గరగా ఎన్నడూ చూడలేదు.

శబ్దం తీసేసిన ఫోన్‌లోనే మిగతా మ్యాచ్ చూశాను. కొసన ఎదుటి జట్టు పిల్ల ఖాళీగా దొరికిన బంతిని విసిరింది. బ్లెస్సీ నీళ్లలోంచి నడుం దాకా లేచి రెండు చేతులతో కొట్టేసింది. ఆ పిల్ల కాళ్లు నాకిప్పుడు నీళ్ల కింద కూడా కనిపిస్తున్నట్టే ఉన్నాయి. జట్టు గెలిచింది. వీధిలో ఎవరో ఈల వేశారు. నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను, లేపలేదు.

చాలాసేపటికి రత్నం తనే లేచి, జుట్టు ముడేసుకుంటూ నా ముఖం చూసింది. గెలిచామా అని అడగలేదు, నా ముఖంలోనే తెలిసిపోయి ఉంటుంది.

"ఎన్ని పడినాయత్తా?"

"ఐదు."

మ్యాచ్ మొత్తం మనసులో తిప్పుకున్నట్టు కాసేపు గోడ వైపు చూసింది.

"ఐదేనా? మంచి కీపరు. నానైతే ఎనిమిది వదిలీదాన్ని" అంది.

అది అబద్ధం. అబద్ధమని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. పొర ఇంకా ఆమె ఒంటి మీదే ఉంది. ఆ మాట అన్నప్పుడు అంకె ఏమైందో నేను చూడలేదు. ఫోన్ బోర్లించి, టీ పెట్టడానికి లేచాను.